మా తరువాత వీరిని చూసేదెవరు?

బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రులు ఏ ఊరివారైనా, ఏ స్తోమత గలవారైనా, మాటల మధ్య ఎక్కడో ఒకచోట ఒకే ప్రశ్న వద్దకు వచ్చి ఆగుతారు. మా తరువాత వీడిని ఎవరు చూస్తారు? బిడ్డకు పదేళ్లున్నప్పుడు ఆ ప్రశ్న దూరంగా ఉంటుంది. బిడ్డకు ముప్పయ్యేళ్లు వచ్చి, తల్లికి మోకాళ్లు పట్టేసి, తండ్రికి చూపు తగ్గిన నాడు అది రాత్రి నిద్ర పోనివ్వదు. అన్నదమ్ములు వేరు పడి ఉంటారు. అక్కచెల్లెళ్లు అత్తవారిళ్లలో ఉంటారు. అటువంటి సమయంలో ఎవరో ఒకరు చెబుతారు, ఫలానా చోట ఒక ఆశ్రమం ఉన్నది, ఇలాంటివారిని ఉంచుకుని చూస్తారని. ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనన్న సిగ్గు ఒకవైపు, ఇక చేతకాదన్న అలసట మరొకవైపు. చివరికి ఒకరోజు బట్టల మూట కట్టి, అక్కడ దించి వస్తారు.

ఆ గేటు మూసుకున్న తరువాత లోపల ఏమి జరుగుతుందో, అది బాగా జరగాలంటే బయట ఉన్న మనం ఏమి చేయవలసి ఉన్నదో ఈ నెల సంపాదకీయంలో చర్చించదలచాము.

ముందుగా ఒక తేడాను స్పష్టం చేయాలి. మనోవ్యాధి ఏ వయసులోనైనా రావచ్చు, వైద్యంతో తగ్గవచ్చు. బుద్ధిమాంద్యం పుట్టుకతోనో చిన్నతనంలోనో ఏర్పడి జీవితాంతం ఉండే స్థితి. డౌన్ సిండ్రోమ్ కావచ్చు, కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం కావచ్చు, పసితనంలో వచ్చిన మెదడువాపు కావచ్చు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇటువంటివారు సుమారు 15 లక్షల మంది నమోదయ్యారు. లెక్కలు రాసుకునేందుకు ఇంటికి వచ్చినవారికి బిడ్డ సంగతి చెప్పని ఇళ్లు కూడా ఉంటాయని మన మొహల్లాల్లో తిరిగినవారికి తెలుసు.

ఈ తేడా తెలియక ఇద్దరినీ ఒకే గాటన కట్టి, ఆసేబ్ అని, జాదూ అని, తావీజుల కోసం ఊరూరా తిప్పడం మనలో నేటికీ ఉన్నది. అది ఎంతవరకు పోగలదో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో చూశాము. దర్గా పరిసరాల్లో వెలసిన ప్రైవేటు మానసిక ఆశ్రమాలలో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకుని 28 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిని గొలుసులతో కట్టివేసి ఉంచినందున పారిపోలేకపోయారు. వారిని అక్కడ వదిలినవారు శత్రువులు కారు. స్వస్థత కలుగుతుందని నమ్మిన కన్నవారు, తోబుట్టువులు.

అది ప్రైవేటువారి పని, ప్రభుత్వమే నడిపితే అలా ఉండదని అనుకునేవారు ఢిల్లీ వైపు చూడాలి. రోహిణీలో ఢిల్లీ ప్రభుత్వమే నడిపే ఆశాకిరణ్ ఆశ్రమం బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం ఏర్పాటైనది. అక్కడ 2024 జూలై ఒక్క నెలలోనే 14 మంది మరణించారు. సామర్థ్యానికి మించి మనుషులను ఉంచుతున్నారన్న సంగతి అప్పుడే బయటపడినది కాదు, ఏళ్లుగా తెలిసినదే. మరణించినవారిలో పలువురికి క్షయ ఉన్నట్లు విచారణలో ప్రస్తావనకు వచ్చింది. ఇంత తక్కువ కాలంలో ఇన్ని మరణాలు యాదృచ్ఛికం కాజాలవని ఢిల్లీ హైకోర్టు వ్యాఖ్యానించి, తాగునీటి నాణ్యతను, నీటి పైపులను, మురుగు పైపులను పరీక్షించమని ఆదేశించింది. ఒక ఆశ్రమంలో కుళాయి నీళ్లు బాగున్నాయో లేదో చూడమని చెప్పడానికి ఉన్నత న్యాయస్థానం కావలసి వచ్చిందంటే, అంతకు ముందు అక్కడికి వెళ్లివచ్చిన అధికారులు ఏమి చూసి వచ్చినట్లు?

ఈ ప్రశ్నకు సమాధానం మాకు కొంత తెలుసు. ప్రభుత్వ కార్యాలయాలలో తనిఖీ నివేదికలు చదివి, టైపు చేసి, ఫైళ్లలో కట్టిన అనుభవం మాకు ఉన్నది. తనిఖీకి వచ్చిన అధికారి హాజరుపట్టీ చూస్తారు. స్టాకు రిజిస్టరు, క్యాష్‌బుక్కు, అగ్నిమాపక శాఖ ఇచ్చిన పత్రం చూస్తారు. గోడ మీద వారం రోజుల మెనూ రాసి ఉన్నదా అని చూస్తారు. ఇవన్నీ ఉండవలసినవే, లేకపోతే తప్పే. బుధవారం గుడ్డు పెడతారని ఆ మెనూ బోర్డు చెబుతుంది. నమలలేని, సరిగా మింగలేని పిల్లవాడికి ఆ గుడ్డును ఎవరు తినిపించారో, ఎంతసేపు కూర్చుని తినిపించారో చెప్పదు.

సంరక్షణ నాణ్యతలో ఎక్కువ భాగం ఆ తినిపించడంలోనే ఉన్నది. బుద్ధిమాంద్యంతో పాటు కాళ్లు చేతులు బిగుసుకుపోయినవారు, మెడ నిలవనివారు చాలామంది ఉంటారు. వారిని వెల్లకిలా పడుకోబెట్టి గబగబా అన్నం కుక్కితే అది పొలమారి ఊపిరితిత్తులలోకి పోతుంది. దానితో న్యుమోనియా వస్తుంది. మరణ ధ్రువపత్రంలో న్యుమోనియా అని రాస్తారు, ఫైలు ముగుస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, అన్నం మెత్తగా పిసికి, చిన్న చెంచాతో, ముందరి ముద్ద మింగిన తరువాతే తరువాతి ముద్ద పెట్టాలి. అలా ఒక్కరికి తినిపించడానికి అరగంట పడుతుంది. ఒక ఆయాకు అటువంటివారు పదిమంది ఉంటే అయిదు గంటలు కావాలి. ఆమెకు ఇచ్చే సమయం గంట. ఇక్కడ జరిగేది ఆయా దుర్మార్గం వల్ల జరిగేది కాదు, ఆ గంటకు, అయిదు గంటలకు మధ్య ఉన్న తేడా వల్ల జరిగేది.

నొప్పి సంగతి మరొకటి. మాట రానివారు పంటి నొప్పిని, చెవిపోటును, కడుపు బిగింపును చెప్పలేరు. తల గోడకు కొట్టుకుంటారు, పక్కవారిని కొరుకుతారు, రాత్రంతా కేకలు వేస్తారు. తెలిసినవారు చూసే చోట ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తారు, చెవి చూస్తారు, మలవిసర్జన అయి ఎన్ని రోజులైందో అడుగుతారు. తెలియని చోట వీడికి ఒళ్లు బలిసిందని ఒక దెబ్బ వేస్తారు, లేదా మత్తు మాత్ర వేస్తారు. మత్తు మాత్రలు వాడిన ఆశ్రమం చూడడానికి ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. సందర్శకులు వెళితే ఎంత బుద్ధిగా కూర్చున్నారో అనుకుంటారు. ఉదయం పదకొండు గంటలకు గదిలో సగంమంది తూగుతూ కనబడితే, ఏ మందులు, ఏ వైద్యుడు రాశాడు, చివరిసారి ఎప్పుడు సమీక్షించాడు అని అడిగే హక్కు కుటుంబానికి ఉన్నది. మూర్ఛ ఉన్నవారి విషయంలో దీనికి వ్యతిరేకమైన ప్రమాదం ఉంటుంది. బుద్ధిమాంద్యం ఉన్నవారిలో మూర్ఛ ఎక్కువ. స్టాకు అయిపోయిందని నాలుగు రోజులు మాత్ర ఆగితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం పోవచ్చు.

స్నానం గురించి చెప్పడానికి కలం వెనకాడుతున్నది గాని చెప్పక తప్పదు. కొన్ని చోట్ల పెద్దవయసు వారిని కూడా వరుసగా నిలబెట్టి పైపుతో నీళ్లు కొడతారు. పేలు పడ్డాయని స్త్రీలకు గుండు గీస్తారు. ఉతికిన బట్టలన్నీ ఒకే కుప్ప, ఎవరికి ఏది దొరికితే అది. మన ఇళ్లలో సతర్ గురించి పసిపిల్లలకు కూడా నేర్పుతాము. బుద్ధి ఎదగనంత మాత్రాన సిగ్గు లేదనుకోవడం అన్యాయం. తన దుప్పటి, తన గ్లాసు, తన రంగు ఓణీ అని పట్టుకుని విడవని ఆడపిల్లలను మనమందరం చూశాము.

ఆడపిల్లల విషయంలో చరిత్ర మరింత భయంకరమైనది. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న పదిమందికి పైగా యువతులకు పూణేలోని సాసూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తొలగించారు. నెలసరి సమయంలో వారిని శుభ్రంగా ఉంచడం కష్టమవుతున్నదన్నది అప్పుడు చెప్పిన కారణం. 2009లో చండీగఢ్‌లోని ప్రభుత్వ సంక్షేమ గృహంలో ఉంటున్న, తల్లిదండ్రులు లేని ఒక యువతి అక్కడ ఉండగానే అత్యాచారానికి గురై గర్భవతి అయింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్నంత మాత్రాన ఆమె ఇష్టాన్ని పక్కన పెట్టలేమని, ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయరాదని కోర్టు తీర్పునిచ్చింది. రెండు చోట్లా రిజిస్టర్లు ఉన్నాయి, సిబ్బంది ఉన్నారు, తాళాలు ఉన్నాయి. తాళం బయటివారిని రానివ్వదు, లోపలివారిని పోనివ్వదు. లోపలే ఉన్న దుర్మార్గుడికి అది రక్షణ అవుతుంది.

ధనిక దేశాలలో ఇలా ఉండదనుకునేవారికి ఒక్క ఉదాహరణ చాలు. ఇంగ్లండులో బ్రిస్టల్ సమీపాన వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో ఇటువంటివారిని సిబ్బంది కొట్టడాన్ని, హింసించడాన్ని 2011లో బీబీసీ రహస్య కెమెరాతో చిత్రించి చూపింది. పదకొండు మందికి శిక్షలు పడ్డాయి. అక్కడ తనిఖీ సంస్థ ఉన్నది, ఒక నర్సు ముందే ఫిర్యాదు కూడా చేశాడు. అయినా బయటి కన్ను లోపల పడేవరకు ఏమీ మారలేదు.

ఇంత రాసి, ఆయాలందరినీ దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. నెలకు చాలీచాలని జీతం, అదీ ఏజెన్సీ ద్వారా రెండు మూడు నెలలు ఆలస్యంగా, రాత్రి డ్యూటీలో ఒక హాలు మొత్తానికి ఒక్క మనిషి. అటువంటి స్థితిలో కూడా పిల్లల పేర్లు, అలవాట్లు, ఎవరికి టీలో చక్కెర ఎక్కువ కావాలో గుర్తుపెట్టుకునే స్త్రీలు ఉన్నారు. వారిలో మన మొహల్లాల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. ఆశ్రమాన్ని అంచనా వేయాలంటే మొదట అడగవలసినది ఆయాల జీతం ఎంత, ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు అని. ఆరు నెలలకొకసారి మనుషులు మారిపోయే చోట ఏ బిడ్డకూ ఆదరణ దొరకదు. వారికి శిక్షణ ఇప్పించడం కష్టం కూడా కాదు. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఈ రంగానికే ప్రత్యేకించిన జాతీయ సంస్థ 1984 నుంచి ఉన్నది. దేశం నలుమూలల నుంచి అక్కడికి వచ్చి నేర్చుకుని పోతున్నారు.

ఇప్పుడు చట్టం ఏమంటున్నదో చూద్దాము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం లేకుండా ఎవరూ ఇటువంటి ఆశ్రమం నడపరాదు. వికలాంగులను ఫలానా చోటనే ఉండి తీరాలని నిర్బంధించరాదని, సమాజం మధ్య బతికే హక్కు వారికి ఉన్నదని అయిదవ సెక్షను చెబుతుంది. వారి మీద హింస గాని దోపిడీ గాని జరుగుతున్నదని నమ్మే ఏ వ్యక్తి అయినా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చునని ఏడవ సెక్షను చెబుతుంది. అనగా ఆర్డీవోకో తహసీల్దారుకో రాయడానికి మీరు రక్తసంబంధీకులు కానక్కరలేదు. తన సంరక్షణలో ఉన్న వికలాంగులకు తెలిసి తిండి, నీరు ఇవ్వకపోవడం 92వ సెక్షను కింద నేరం. దానికి ఆరు నెలలకు తక్కువ కాకుండా అయిదేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. ఈ సంగతి తెలిసిన కుటుంబాలు ఎన్ని ఉన్నాయి? ఆశ్రమంవారు కోప్పడితే బిడ్డను వెనక్కి పంపుతారేమోనన్న భయంతో, ఒంటి మీద గాయం చూసి కూడా మాట్లాడక తిరిగివచ్చే తల్లులు ఉన్నారు. వారికి మనం తోడు వెళ్లకపోతే చట్టం పుస్తకంలోనే ఉంటుంది.

ఇక మన సమాజానికి ప్రత్యేకంగా సంబంధించిన సంగతులు కొన్ని ఉన్నవి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ మన ఇళ్లలో మాట్లాడేది దక్కనీ. యాభై మాటలు మాత్రమే వచ్చిన బిడ్డకు ఆ యాభై మాటలూ దక్కనీలోనే వస్తాయి. పానీ అంటే, భూక్ అంటే, డర్ అంటే తెలియని చోట ఆ బిడ్డను ఉంచితే, ఉన్న కాస్త మాట కూడా పోతుంది. మొండివాడు, చెప్పింది వినడు అని రిజిస్టరులో రాస్తారు. పేరు పలకడం కష్టమని వేరే పేరు పెట్టి పిలిచే చోట్లూ ఉన్నవి. తిండిలో హలాల్ పాటించడం, మాంసం వద్దనుకుంటే ఆ మేరకు వేరే వంటకం ఇవ్వడం, స్త్రీలకు స్త్రీలే స్నానం చేయించడం పెద్ద కోరికలు కావు. చేర్పించేటప్పుడే రాతపూర్వకంగా రాయించుకోవచ్చు. నమాజు, ఉపవాసం వారి మీద విధి కాకపోవచ్చు. అయినా జుమా నాడు అత్తరు రాసి టోపీ పెడితే ముఖం వెలిగే పిల్లవాడిని ఆ ఆనందానికి దూరం చేయవలసిన అవసరం ఎవరికున్నది?

మరణం సంగతి కూడా రాయించాలి. ఆశ్రమంలో చనిపోయినవారి కోసం ఎవరూ రాకపోతే దేహాన్ని దిక్కులేనిదిగా లెక్కగడతారు. చేర్పించే పత్రంలో మతం, సమీపంలోని మస్జిద్ కమిటీ చిరునామా, ఖబ్రస్తాన్ పేరు రాసి ఉంటే గుసుల్, కఫన్, జనాజా నమాజు తప్పిపోవు. ఏ మస్జిద్ కమిటీ అయినా ఈ బాధ్యతకు కాదనదని మా నమ్మకం. అడిగినవారు లేరు, అంతే.

మదీనాలో జరిగిన ఒక సంగతి అనస్ (రజి) ఉల్లేఖనంగా సహీహ్ ముస్లింలో ఉన్నది. మతి స్థిమితంగా లేని ఒక స్త్రీ దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు వచ్చి తమతో పని ఉన్నదని చెప్పింది. ఆయన ఆమెను పంపివేయలేదు. ఏ వీధిలో మాట్లాడదలచుకుంటే ఆ వీధిని ఎంచుకోమని చెప్పి, ఆమెతో పాటు వెళ్లి, ఆమె అవసరం తీరేవరకు ఉన్నారు. వీధిని ఎంచుకునే నిర్ణయం ఆమెకే వదిలారన్న సంగతిని గమనించాలి. టీ కావాలా పాలు కావాలా, ఏ చొక్కా తొడుక్కుంటావు అని అడగని ఆశ్రమాలలో ధర్మపన్నాలు గోడలకు ఎన్ని వేలాడదీసినా ఏమి ప్రయోజనం? అన్నిసా సూరా అయిదవ ఆయత్ మరొక మెట్టు ముందుకు వెళుతుంది. ఆస్తిని నిర్వహించుకోలేనివారి చేతికి దానిని ఇవ్వవద్దని, అందులోనుంచే వారికి తిండి, బట్ట సమకూర్చాలని, వారితో మంచిగా మాట్లాడాలని బోధిస్తుంది. తిండి, బట్ట తనిఖీ పట్టికలో ఉన్నవి. మంచి మాటకు అందులో గడి లేదు.

ఆ ఆయత్ ఆస్తి గురించి కూడా మాట్లాడింది గనుక మనమూ మాట్లాడవలసి ఉన్నది. షరీఅత్‌లో బుద్ధిమాంద్యం ఉన్న కొడుకు వాటా ఇతర కొడుకుల వాటాతో సమానం, కూతురి వాటా ఇతర కూతుళ్ల వాటాతో సమానం. కాని వాడికేమి తెలుసు, మేమే చూసుకుంటున్నాము గదా అని అన్నదమ్ములు ఆ వాటాను కలిపేసుకుంటారు. కొన్నేళ్లకు చూసుకోవడం మానేస్తారు. ఆ వాటా ఉండి ఉంటే, దాని అద్దెతోనో రాబడితోనో మెరుగైన ఆశ్రమంలో ఫీజు కట్టవచ్చు, లేదా ఇంట్లోనే ఒక మనిషిని పెట్టవచ్చు. బిడ్డకు 18 ఏళ్లు నిండిన తరువాత తల్లిదండ్రులు కూడా చట్టం దృష్టిలో దానంతటదే సంరక్షకులు కారు. బ్యాంకుకు వెళ్లినప్పుడు ఈ సంగతి తెలిసి ఆశ్చర్యపోతారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకుంటే సంరక్షకుడిని నియమిస్తారు. ఆ కమిటీకి జిల్లా కలెక్టరు స్థాయి అధికారి ఉంటారు. నియమితుడైన సంరక్షకుడు ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. బిడ్డను నిర్లక్ష్యం చేసినా, ఆస్తి స్వాహా చేసినా అతడిని తొలగించవచ్చు. అదే ట్రస్టు నిర్వహించే నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉన్నది.

పెన్షను విషయం కూడా చూసుకోవాలి. సదరం ధ్రువపత్రం ఉన్నవారికి తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6,000 రూపాయలు వస్తున్నవి. బిడ్డ ఆశ్రమంలో ఉంటే ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతున్నది, దేనికి ఖర్చవుతున్నది అన్నది లెక్క ఉండవలసిన విషయం. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మన సోదరులకు ఒక ప్రత్యేక మనవి. సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి తల్లిదండ్రుల అనంతరం జీవితాంతం కుటుంబ పెన్షను పొందే అవకాశం నిబంధనలలో ఉన్నది. మీరు బతికి ఉండగానే వైద్య ధ్రువపత్రం జతచేసి బిడ్డ పేరును పెన్షను పత్రాలలో చేర్పించండి. తరువాత చేయించుకోవడానికి బంధువులు ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుందో మాకు తెలుసు.

మనం యతీంఖానాలు కట్టాము, మదర్సాలు కట్టాము, షాదీఖానాల కోసం ఉద్యమాలు చేశాము. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం మన సంస్థలు చేసినది అరుదు. జకాత్ పంచేటప్పుడు కూడా ఈ కుటుంబాలు గుర్తుకు రావు, ఎందుకంటే ఆ తల్లి ఇల్లు విడిచి అడగడానికి రాలేదు. మనకంటూ ఒక పెద్ద ఆశ్రమం కట్టాలని కొందరు మిత్రులు అంటున్నారు. మాకు ఆ ఆలోచన పట్ల అంత ఉత్సాహం లేదు. రెండు వందల మంచాల భవనం ఎవరు కట్టినా, ప్రారంభోత్సవం ఎంత ఘనంగా జరిగినా, పదేళ్లకు అదీ మరొక ఆశాకిరణ్ అయ్యే ప్రమాదం ఉన్నది. వక్ఫ్ ఆదాయంలో నుంచి మొహల్లాలోనే ఒక మామూలు ఇంటిని అద్దెకు తీసుకుని, ఆరుగురో ఎనిమిది మందో ఉండేలా నడపవచ్చు. తల్లికి ఆపరేషను అయినప్పుడు పది రోజులు బిడ్డను ఉంచుకునే చోటు ఒకటి ఉంటే, అనేక కుటుంబాలకు శాశ్వతంగా వదిలిపెట్టే అవసరమే రాదు.

అంతవరకు చేయగలిగినది ఉన్న ఆశ్రమాలకు వెళ్లడం. పండుగనాడు పండ్లు పంచి ఫోటో దిగి రావడాన్ని వెళ్లడం అనము. నలుగురు స్త్రీలు, ఇద్దరు పురుషులు ఒక జట్టుగా ఏర్పడి, యాజమాన్యంతో ముందే మాట్లాడి ఒప్పించుకుని, నెలకు రెండుసార్లు, రోజు చెప్పకుండా, భోజన సమయంలో వెళ్లాలి. బాత్‌రూముకు వెళ్లి చూడాలి. గోళ్లు, పళ్లు, మడమలు చూడాలి. మంచం మీదనే ఉండేవారి నడుము కింద పుండ్లు ఉన్నాయేమో అడిగి చూడాలి. రాత్రి ఎవరుంటారో ఆరా తీయాలి. ముస్లిం పిల్లలను మాత్రమే పలకరించి వస్తే అది మన ధర్మానికీ తగదు, ఆ పిల్లలకూ మంచిది కాదు. అందరి పక్కనా కూర్చోవాలి. మంచి ఆశ్రమాలు ఇటువంటి రాకను ఆహ్వానిస్తాయి. అనుమతి లేదని గేటు వద్దనే పంపివేసే చోట అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరుతున్నది ఎక్కువ కాదు. రిజిస్టరైన ఆశ్రమాల జాబితాను, ప్రతి ఒక్కదాని మంజూరైన సామర్థ్యాన్ని, ప్రస్తుతం ఉన్నవారి సంఖ్యను, తనిఖీ నివేదికలను ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఆశ్రమంలో సంభవించిన ప్రతి మరణంపై బయటి వైద్యుడి చేత విచారణ జరిపించాలి. ఆయాల జీతాలు నేరుగా వారి ఖాతాలో పడాలి. తల్లిదండ్రుల ప్రతినిధులకు తనిఖీ బృందంలో చోటివ్వాలి.

ఆ జాబితా కోసం ఎదురుచూడనవసరం లేదు. మీ జిల్లాలోని వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయానికి, ఆంధ్రప్రదేశ్‌లో అయితే విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయానికి, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పంపండి. జిల్లాలో రిజిస్టరైన ఆశ్రమాలు ఎన్ని, వాటిలో ఎందరున్నారు, గత మూడేళ్లలో ఎందరు ఏ కారణంతో మరణించారు, చివరి తనిఖీ ఏ తేదీన ఎవరు చేశారు అని అడగండి. ముప్పై రోజులలో సమాధానం ఇవ్వాలి. రాకపోతే అప్పీలు ఎలా రాయాలో మేము చెబుతాము. మీకు అందిన ప్రత్యుత్తరాల నకళ్లు మాకు పంపితే జిల్లాల వారీగా ఈ పత్రికలోనే ప్రచురిస్తాము.